గుంట నుంచి గాజుసీసా దాకా: రొయ్యలో మందు జాడను వెలికితీసే పని

నెల్లూరు జిల్లా తీరంలో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల పొడవునా పరుచుకున్న గుంటల్లో పెరిగే వనామీ రొయ్య యూరప్ దేశాలకు వెళ్లాలంటే, పట్టుబడికి ముందే దాని మాంసంలో నిషిద్ధ యాంటీబయాటిక్‌ల అవశేషాలు లేవని ఒక ధ్రువపత్రం, కర్మాగారంలో శుద్ధిచేసి గడ్డకట్టించిన తరువాత మరో పరీక్షా నివేదిక అవసరమవుతాయి. ఆ నివేదికలో రైతు కన్ను వెతికేది ఒక్క అంకెను. అంకెను ఇచ్చింది కోట్ల రూపాయల యంత్రమనీ, యంత్రానికి పక్షపాతం ఉండదు కాబట్టి అది నిజమై తీరుతుందనీ అటు రైతూ ఇటు ఎగుమతిదారూ నమ్ముతారు. అయితే యంత్రానికి అందేది రొయ్య కాదు; ఒక చిన్న గాజుసీసాలో నుంచి సన్నని సూది తీసుకునే తేట ద్రావణం, అదీ మిల్లీలీటరులో నూరోవంతు. రొయ్య ఆ తేట ద్రావణంగా మారేలోగా జరిగే ఒలవడం, రుబ్బడం, నానబెట్టడం, వడగట్టడం, ఇగిర్చడం వంటి పనులన్నిటినీ కలిపి ప్రయోగశాలల్లో శాంపిల్ ప్రిపరేషన్, అంటే నమూనా తయారీ, అని వ్యవహరిస్తారు. నివేదిక నమ్మదగినదా కాదా అన్నది చాలావరకు తేలేది యంత్రం స్విచ్ వేయకముందే, ఈ పనుల్లోనే.

ఈ పరీక్షల అవసరం ఒక్కరోజులో పుట్టలేదు. 1980ల చివర టైగర్ రొయ్యతో ఊపందుకున్న తీరపు సాగు 1994-95లో తెల్లమచ్చ వ్యాధితో కుదేలైంది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తీరప్రాంత ఆక్వా సాగుపై గట్టి ఆంక్షలు విధించగా, 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ సాగును రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది. మధ్యలో మంచినీటి రొయ్య స్కాంపీ వైపు మళ్లిన రైతులు, 2009లో వనామీకి అనుమతి దొరికాక తిరిగి ఉప్పునీటి గుంటల బాట పట్టారు. వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ పనిచేయదని ఎందరు చెప్పినా, తెల్లవారేసరికి గుంట ఖాళీ అవుతుందేమోనన్న భయం మనిషిని మందుల దుకాణం దాకా నడిపించక మానదు. పైగా మేతలో కలపమని ఇచ్చే డబ్బాలో నిజంగా ఏముందో లేబుల్ చూసి తెలుసుకోగలిగిన పరిస్థితి అన్నివేళలా ఉండదు. 2002 ప్రాంతంలో ఆసియా రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల జాడలు యూరప్ రేవుల్లో బయటపడటంతో తనిఖీలు బిగిశాయి. 2016లో భారతీయ సాగు రొయ్యల సరుకుల్లో రేవు దగ్గర పరీక్షించవలసిన వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెరిగింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ, వాడుకలో ఎంపెడా, నెల్లూరులోనే ప్రయోగశాల నడపడానికి నేపథ్యం ఇదే.

వెతకవలసిన పరిమాణం ఎంత చిన్నదో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. క్లోరాంఫెనికాల్ ఒకప్పుడు టైఫాయిడ్‌కు ప్రాణదాత వంటి మందు. కానీ మనుషుల్లో అరుదుగానైనా ఎముకల మూలుగను దెబ్బతీసి రక్తం తయారవడాన్నే ఆపేసే గుణం దానికి ఉంది, ఆ ప్రమాదానికి ఇంత మోతాదు దాకా ఫరవాలేదన్న హద్దు నిర్ణయించడం సాధ్యం కాలేదు. అందువల్ల ఆహారంలో దానికి అనుమతించిన పరిమితి అంటూ లేదు. ఎంత దొరికితే సరుకును ఆపాలన్న అంకె మాత్రమే ఉంది. యూరప్‌లో 2003 నుంచి కిలోకు 0.3 మైక్రోగ్రాముల వద్ద ఉన్న ఆ గీత 2022 నవంబరు 28 నుంచి 0.15కు, నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు ఒక మైక్రోగ్రాము నుంచి 0.5కు దిగింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలవ వంతు. మందుల దుకాణంలో దొరికే 250 మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్ మాత్ర ఒక్కదాన్ని సుమారు 1,666 టన్నుల రొయ్య మాంసంలో సమంగా కలిపితే, ఆ మాంసమంతా సరిగ్గా ఈ గీతను తాకుతుంది. పది టన్నుల లారీల్లో లెక్కిస్తే అది నూట అరవై ఆరు లారీల పైమాటే.

ఇంత స్వల్పమైన పదార్థాన్ని మిగిలినవాటి నుంచి విడదీసే ఉపాయం పేరు క్రొమటోగ్రఫీ. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ 1906లో ప్రచురించిన పరిశోధనల్లో, సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో ఆకురసాన్ని పోసి, పై నుంచి ద్రావకాన్ని పారించగా, పచ్చ, పసుపు వర్ణకాలు వేర్వేరు పట్టీలుగా విడిపోయాయి. సుద్దను గట్టిగా పట్టుకునేవి వెనకబడగా, ద్రావకాన్ని ఇష్టపడేవి ముందుకు సాగిపోయాయి. నేటి యంత్రంలో గాజు గొట్టం స్థానంలో వేలెడు ఉక్కు గొట్టం, సుద్ద స్థానంలో నూనె స్వభావం గల పూత పూసిన సన్నని సిలికా రేణువులు ఉంటాయి. విడివడి బయటికొచ్చిన అణువులను విద్యుదావేశం ఇచ్చి, బరువు చూసి, ముక్కలుచేసి, ఆ ముక్కల బరువు కూడా చూసి గుర్తుపట్టేది దాని వెనకనున్న మాస్ స్పెక్ట్రోమీటర్. త్స్వెత్ కూడా ఆకును నేరుగా గొట్టంలో కుక్కలేదు, నూరి రంగును ద్రావకంలోకి లాగిన తరువాతే పోశాడు. నమూనా తయారీ క్రొమటోగ్రఫీతో పాటే పుట్టిందన్నమాట.

రొయ్య ఆకుకంటే మొండిది. దాని మాంసంలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరు, ఐదోవంతు దాకా మాంసకృత్తులు, నూటికి ఒక వంతు అటూఇటూగా కొవ్వు, అందులో ఫాస్ఫోలిపిడ్‌లు, కొలెస్టరాల్, ఉడికినప్పుడు ఎర్రబారే అస్టాజాంతిన్ అనే రంగు, ఇంకా లెక్కలేనన్ని లవణాలు, చిన్న అణువులు ఉంటాయి. వెతుకుతున్న మందు తప్ప మిగిలిన ఈ సమస్తాన్నీ రసాయనవేత్తలు మ్యాట్రిక్స్ అంటారు. మాంసకృత్తులు గొట్టంలో పేరుకుని దాన్ని పూడ్చేస్తాయి, కొవ్వు పూతకు అతుక్కుని తరువాతి నమూనాలను కూడా చెడగొడుతుంది. అలాగని ప్రతి మలినాన్నీ తొలగించాలని పదేపదే కడిగితే, ప్రతి కడుగులోనూ కొంత మందు కూడా పోతుంది. శుద్ధి ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పనిలో అనుభవం.

తయారీ మొదలయ్యేది ప్రయోగశాలలో కాదు, గుంట గట్టు మీద. మందు కలిపిన మేత గుంటంతా సమంగా చేరదు, అన్ని రొయ్యలూ సమంగా తినవు; అందువల్ల విసురువలను ఒకేమూల కాక పలుచోట్ల వేసి పట్టిన రొయ్యలనే నమూనాగా తీసుకోవాలి. పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే, తలలోని జీర్ణగ్రంథి నుంచి విడుదలయ్యే ఎంజైములు మాంసాన్ని మెత్తబరచడం మొదలుపెడతాయి. ప్రయోగశాలకు చేరాక తల, పెంకు, వీపున నల్లగా కనిపించే పేగు తీసివేసి, మాంసాన్ని సగం గడ్డకట్టిన స్థితిలోనే గ్రైండర్‌లో ముద్దగా రుబ్బుతారు. వెచ్చబడితే ముద్ద సాగి, బ్లేడు చుట్టూ నీరు ఒకవైపు పీచు ఒకవైపు అవుతుంది. ఆ ముద్దలో నుంచి రెండు గ్రాములు తూచి తీసుకుంటే, ఆ రెండు గ్రాములు మొత్తం గుంటకు ప్రాతినిధ్యం వహించాలి. కోట్ల యంత్రం ఎంత సూక్ష్మంగా కొలిచినా గట్టు మీద జరిగిన పొరపాటును దిద్దలేదు, కనీసం పసిగట్టనూ లేదు.

ఈ రంగంలో కొత్తగా చేరినవారికి చేతులు తిరిగేదాకా చుక్కలు చూపించేది నైట్రోఫ్యూరాన్ పరీక్ష. ఫ్యూరజోలిడోన్, ఫ్యూరాల్టడోన్, నైట్రోఫ్యూరాంటోయిన్, నైట్రోఫ్యూరజోన్ అనే ఈ నాలుగు మందులూ రొయ్య ఒంట్లో నిలవవు. కొద్ది గంటల నుంచి కొద్ది రోజుల్లో విరిగిపోతాయి. మందునే వెతికే పరీక్ష చేస్తే నెలరోజుల క్రితం వాడిన గుంట కూడా నిర్దోషిగా బయటపడుతుంది. కానీ విరిగిన మందులోని ఒక చిన్న తునక మాంసకృత్తులకు గట్టిగా అతుక్కుని వారాల తరబడి ఉండిపోతుంది. ఫ్యూరజోలిడోన్ విడిచిన తునక పేరు ఏఓజడ్, నైట్రోఫ్యూరజోన్ విడిచినది సెమికార్బజైడ్. పరీక్ష వెతికేది ఈ తునకలనే. అందుకు ముందుగా ముద్దను మిథనాల్, నీటి మిశ్రమంతో కడిగి, అతుక్కోకుండా ఊరకే తేలుతున్న అణువులను పారబోస్తారు. తరువాత పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, 37 డిగ్రీల వెచ్చని నీటితొట్టెలో, వెలుతురు సోకకుండా, రాత్రంతా, సుమారు పదహారు గంటలపాటు కదుపుతూ ఉంచుతారు. ఆమ్లం మెల్లగా పట్టు విడిపించగా బయటపడిన తునక మరీ చిన్నది: సెమికార్బజైడ్ అణుభారం 75 మాత్రమే, అంత తేలికైన అణువులు మాస్ స్పెక్ట్రోమీటర్ దృష్టిలో వేల మలినాల గుంపులో కలిసిపోతాయి. అందుకని ఆమ్లం పోసిన ఆ పరీక్ష గొట్టంలోనే 2-నైట్రోబెంజాల్డిహైడ్ అనే రసాయనాన్ని కూడా ముందే కలుపుతారు. విడుదలైన తునక విడుదలైనట్టే దానితో జతకట్టి 208 భారం గల కొత్త అణువుగా మారుతుంది. ఏఓజడ్ 102 నుంచి 235కు పెరుగుతుంది. విడిపించడం, బరువెక్కించడం ఒకే రాత్రిలో జరిగిపోతాయి. గంటలు తగ్గించి తొందరపడిన ప్రయోగశాలకు మాత్రం మాంసానికి ఇంకా అతుక్కునే ఉన్న భాగం కనబడదు.

మరునాడు ఉదయం గొట్టాన్ని చల్లార్చి, ఫాస్ఫేటు లవణంతో, క్షారంతో ఆమ్లత్వాన్ని తటస్థం చేసి, పీహెచ్ ఏడు దాటిందని చూసుకున్నాక ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకం పోసి కుదుపుతారు. ఇథైల్ ఎసిటేట్ నీటికన్నా తేలిక కనుక పైన పొరగా నిలుస్తుంది, కొత్త అణువు దానిలోకి ఎక్కుతుంది. ఉత్సాహం కొద్దీ మరీ గట్టిగా కుదిపితే మాంసకృత్తులు, కొవ్వు, ద్రావకం కలగలిసి రెండు పొరల నడుమ తెల్లని జిగురు తయారవుతుంది. అది విడిపోవాలంటే ఉప్పు వేసి, చల్లని సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి వేల చుట్లు తిప్పాలి. పై పొరను పిపెట్‌తో జాగ్రత్తగా తీసి, మళ్లీ ఇథైల్ ఎసిటేట్ పోసి, రెండోసారి కూడా తీసి, రెండిటినీ కలిపి, వెచ్చగా ఉంచిన గొట్టంలోకి సన్నగా నత్రజని ఊదుతూ ఆరబెడతారు. అడుగున పల్చగా పసుపు జిడ్డు మిగులుతుంది. దాన్ని మిథనాల్ కలిపిన నీటిలో కరిగించి హెక్సేన్ పోసి కుదిపితే కొవ్వు హెక్సేన్‌లోకి పోతుంది. ఇక్కడ కూడా ద్రావకం పైపొరే, కానీ ఈసారి పారబోయవలసింది ఆ పైపొరనే. గంట వ్యవధిలో ఒకసారి పై పొరను దాచుకుని, మరోసారి పారబోసే ఈ పనిలో, వరుసగా నలభై గొట్టాలు ముందున్నప్పుడు ఏకాగ్రత ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. చివరగా 0.2 మైక్రాన్ రంధ్రాల వడపోత దాటిన తేట ద్రావణం సీసాలోకి చేరుతుంది.

ఇన్ని మార్పిడుల్లో ఎంతో కొంత నష్టం తప్పదు. అది ఎంతో తెలియకపోతే చివరి అంకెకు అర్థం లేదు. దీనికి రసాయనవేత్తలు కనిపెట్టిన ఉపాయం, నెల్లూరు గొర్రెల కాపరి ఎవరైనా మెచ్చదగినది: మందను అడవికి తోలేముందు గుర్తువేసిన పది గొర్రెలను కలిపి, సాయంత్రానికి వాటిలో ఎనిమిదే తిరిగి వస్తే మందలో కూడా ఐదోవంతు తప్పిపోయి ఉంటుందని లెక్కగట్టడం. తయారీ ఆరంభంలోనే ముద్దలో కలిపే ఆ గుర్తు అణువును ఇంటర్నల్ స్టాండర్డ్ అంటారు. క్లోరాంఫెనికాల్‌కు తోడుగా కలిపేది క్లోరాంఫెనికాలే, అయితే దానిలోని ఐదు హైడ్రోజన్ పరమాణువుల చోట రెట్టింపు బరువుగల డ్యుటీరియం ఉంటుంది. రసాయన స్వభావం దాదాపు ఒక్కటే కావడంతో అసలుది పోయిన ప్రతిచోటా ఇదీ అదే నిష్పత్తిలో పోతుంది, బరువు తేడా వల్ల యంత్రం రెండిటినీ వేరుగా చూడగలుగుతుంది. రెంటి నిష్పత్తి తీసుకుంటే నష్టం లెక్కలోంచి కొట్టుకుపోతుంది.

ఈ ఉపాయానికి ఉన్న హద్దు గురించి ప్రచార పత్రాలు మాట్లాడవు. గుర్తు అణువును ద్రావణంలా పోస్తారు కనుక అది స్వేచ్ఛగా తిరుగుతుంది. బతికున్న రొయ్య తిని, జీర్ణించుకుని, మాంసానికి అతికించుకున్న అవశేషం అలా స్వేచ్ఛగా ఉండదు. ఆమ్లం పని సగంలో ఆగిపోతే గుర్తు అణువు నూటికి నూరు తిరిగి వస్తుంది, నిజమైన అవశేషం మాత్రం సగమే బయటపడుతుంది, లెక్క కాగితం మీద అన్నీ చక్కగా కనిపిస్తాయి. బయటి నుంచి మందు కలిపిన నమూనాలో తొంభై శాతం రాబట్టామన్న పద్ధతిని, నిజంగా మందు తిన్న రొయ్య మీద కూడా పరీక్షించి చూపేదాకా పూర్తిగా నమ్మకూడదని జాగ్రత్తపరులు పట్టుబట్టడానికి కారణం అదే.

రెండో చిక్కు యంత్రపు ముంగిట ఎదురవుతుంది. గొట్టం నుంచి వెలువడే ద్రావణాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ సూక్ష్మ తుంపరలుగా చిమ్మి, ఆ తుంపరల్లోని అణువులకు విద్యుదావేశం అంటిస్తుంది; మందుతో పాటే అదే క్షణంలో ఫాస్ఫోలిపిడ్‌లు కూడా బయటికి వస్తే, ఆవేశం కోసం జరిగే పోటీలో వేలరెట్లు ఎక్కువగా ఉన్న అవే నెగ్గుతాయి, మందు సంకేతం కుంగిపోతుంది. మందు ఉంది, యంత్రం బాగానే ఉంది, అయినా అంకె సున్నాకు దగ్గరగా వస్తుంది. కొలబద్దను శుద్ధమైన ద్రావకంలో కాక, మందు లేదని తేలిన రొయ్య ముద్దలోనే తయారుచేయడం దీనికి ఒక విరుగుడు.

టెట్రాసైక్లిన్‌ల కథ వేరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నేతృత్వం వహించిన లెడర్లే ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ వెలికితీసి, 1948లో ప్రపంచానికి ప్రకటించిన ఆరియోమైసిన్ ఈ కుటుంబంలో మొదటిది. గోదావరి బిడ్డ పర్యవేక్షణలో పుట్టిన మందు కుటుంబం కోసం ఇప్పుడు కోస్తా రొయ్యల్లో వెతుకులాట సాగుతుండటం చరిత్రలోని విచిత్రాల్లో ఒకటి. వీటికి యూరప్ గీత మాంసంలో కిలోకు 100 మైక్రోగ్రాములు, అంటే క్లోరాంఫెనికాల్ గీతకు ఆరువందల రెట్లకు పైనే. అయినా పని తేలిక కాదు, ఎందుకంటే టెట్రాసైక్లిన్ కాల్షియం, మెగ్నీషియం వంటి లోహాలు ఎదురైతే వాటిని పట్టుకుని వదలదు, రొయ్యలో ఆ లోహాలకు కొదవలేదు. అందువల్ల ద్రావకంలో ఈడీటీఏ అనే పదార్థాన్ని కలుపుతారు. అది లోహాలను తన వైపు లాక్కుని మందును విడిపిస్తుంది. ఒకే రొయ్య నుంచి ఒక మందుకు ఆమ్లంలో రాత్రంతా, మరో మందుకు ఈడీటీఏ కలిపిన ద్రావకంలో కొద్దిసేపు అన్నట్టు వేర్వేరు దారులు నడవవలసి రావడానికి కారణం ఆయా అణువుల స్వభావమే.

మందు లేనిచోట మందు కనబడటం అనే ప్రమాదం కూడా ఉంది. కంటికలకకు వేసుకునే అప్లికాప్‌లలో క్లోరాంఫెనికాల్ ఉంటుంది. దాన్ని వేసుకున్న చేత్తో గొట్టం పట్టుకుంటే, నానోగ్రాముల్లో లెక్కించే ఈ లోకంలో, ఆ వేలు చాలు. గాజుసీసాల మూతల కింది ప్లాస్టిక్ పట్టీలను ఉబ్బించడానికి వాడిన అజోడైకార్బనమైడ్ వేడికి విరిగి సెమికార్బజైడ్‌గా మారుతుందని 2003లో యూరప్‌లో సీసాల్లో అమ్మే ఆహారాల్లో బయటపడింది. ప్రతి వరుసలో మందు లేని నమూనా ఒకటి, ద్రావకాలు మాత్రమే పోసిన ఖాళీ గొట్టం ఒకటి పక్కన నడపాలన్న నియమం, ఇలాంటి దారి తప్పిన జాడలను పట్టుకోవడం కోసమే.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న స్కాంపీ తెచ్చిపెట్టింది. నైట్రోఫ్యూరజోన్ ఎన్నడూ వాడని మంచినీటి రొయ్యల్లో కూడా సెమికార్బజైడ్ దొరుకుతోందన్న వాదన చాలాకాలం సాకుగానే వినిపించింది. 2011లో బెల్జియం శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన, ఆ పదార్థం మంచినీటి రొయ్య పెంకులో సహజంగానే ఉండే అవకాశాన్ని చూపింది. పెంకులో ఉన్నది మాంసకృత్తులకు అతుక్కునే ఉంటుంది కనుక మిథనాల్ కడుగు దాన్ని తొలగించదు. రాత్రంతా ఆమ్లంలో నానాక అది కూడా విడుదలై, జతకట్టి, మందు వదిలిన తునకతో ఏ తేడా లేకుండా అదే 208 భారంతో యంత్రం ముందుకు వస్తుంది. పుట్టుకలో వేరైనా అణువు ఒక్కటే కనుక ఎంత ఖరీదైన యంత్రమైనా వాటిని విడదీయలేదు. విడదీయగలిగే చోటు ఒక్కటే మిగిలి ఉంది: ఒలిచే బల్ల. తోక మొదట్లో అంటుకుని మిగిలిన ఒక పెంకు ముక్కను చూసి తీసివేశారా, లేక తొందరలో మాంసంతో పాటే గ్రైండర్‌లో వేశారా అన్నదాని మీద ఆ సరుకు రేవు దాటుతుందో వెనక్కి వస్తుందో ఆధారపడుతుంది.